బయటి గడియ

ఆ కప్పలు వేలెడంతే ఉంటాయట, ఒళ్ళంతా చిగురాకు రంగు, కళ్ళు మాత్రం ఎర్రగా, అంత చిన్న గొంతులోంచి అంత గోల ఎలా వస్తుందో, పాఠం జరిగినంతసేపూ స్పానిష్ నేర్పే ప్రొఫెసోరా వెనకాల వరండాలో అవే అరుపులు, కోస్టారికాలో ఆవిడకి పొద్దుపోయింది, ఖరగ్‌పూర్‌లో తనకి ఇప్పుడే తెల్లారింది, అక్కడ రేకుల కప్పు మీద వాన, ఇక్కడ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల చూరు నుంచీ వానే, కిరణ్మయీ, ఇక తెర మీద చాలు, వచ్చి ఈ చప్పుడు నీ చెవులతో విను, అని చంటిపిల్లకి ముద్దలు పెట్టినట్టు స్పానిష్‌లో ఒక్కో మాటా విడదీసి చెప్పి ఆవిడ చెయ్యి ఊపింది, కిరణ్మయీ ఊపింది, లాప్‌టాప్ మూసేసింది, అక్కడికెళ్ళి చేసే కోర్సు పద్ధతే వేరు, పొద్దున్న పాఠం, మధ్యాహ్నం నుంచి గైడు వెంట అడవి, నేర్చుకున్న మాటలు ఎదురొచ్చిన చెట్టు మీదా పిట్ట మీదా అక్కడికక్కడే వాడెయ్యాలి, చివర్లో సముద్రపు ఒడ్డుకి తీసుకెళతారు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటికి, దానికి వీసా కావాలి, వీసా కోసం రేపు ఢిల్లీలో మనిషి వెళ్ళి కనబడాలి, రేపు తప్పితే ఈ విడత కోర్సు అందదు, ఢిల్లీ బండి ఈ పూటే, తనతో వచ్చే రష్మిత టికెట్లు పట్టుకుని స్టేషన్‌లో ఎదురు చూస్తుంది, స్నానం అయింది, జడ అయింది, బ్యాగు ముందు గదిలో ఉంది, ఇక చెప్పులేసుకోవడమే, అనుకుంటూ లేచి తలుపు లాగింది, రాలేదు, ఇంకాస్త గట్టిగా లాగింది, ఊహూ, అమ్మ బయట గడియ వేసి ఉంచింది.

అమ్మా అని పిలిచింది, పలకలేదు, ఈ గడియ కథ నిజానికి నవ్వొచ్చే కథ, స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు పక్క క్వార్టర్ సుజాతమ్మత్త తలకి నూనె పట్టించుకుని, జుట్టు విరబోసుకుని, గ్యాస్ లైటర్ కోసమని సరాసరి ఈ లోపలి గదిలోకి వచ్చేసి, తెర మీద ప్రొఫెసోరాని చూసి, ఓలమ్మ ఈవిడెవర్తే, మన డ్రైవర్ జెఫ్రీ దొరగారి సెల్లెల్లాగుంది అని కుర్చీ లాక్కుని కూర్చుంది, పైగా పరాయి మనిషి కనబడితే బెంగాలీలోనే మాట్లాడాలని ఆవిడ నమ్మకం, కేమన్ ఆఛేన్ దీదీ అని క్షేమం అడిగింది, తరగతిలో ఉన్న దేశదేశాల వాళ్ళూ పడి పడి నవ్వారు, కిరణ్మయికి తల కొట్టేసినట్టయింది, ఆ సాయంత్రం అమ్మ నూకాలమ్మ నడుం కట్టి ప్రకటించింది, రేపట్నుంచీ నువ్వు సదువుకున్నంతసేపూ నేను బయట గడియ ఏసీసి కూకుంటాను, ఎవులొచ్చినా నన్ను దాటి రావాల, అన్నట్టే అప్పటినుంచీ ప్రతి పాఠానికీ గడియ వెయ్యడం, పాఠం అవగానే తీసి గ్లాసెడు కాఫీ చేతిలో పెట్టడం, కన్నకూతురికి కాపలా కాసే జైలరువి నువ్వొక్కదానివే అని తమ్ముడు బుజ్జిబాబు విశాఖ నుంచి ఫోన్‌లో వేళాకోళం చేసేవాడు, ఒక్కనాడూ మరవలేదు అమ్మ, ఇవాళ ఎందుకు మరిచిపోయింది, అమ్మా, ఓ అమ్మా, ఇంట్లో చప్పుడు లేదు, అప్పుడు గుర్తొచ్చింది, నిన్ననే చెప్పింది కదా, తెల్లారి మాతగుడికెళ్ళి నీ పేరన పూజ సేయించుకుని బేగొచ్చీస్తాను అని, వెళ్ళింది, వెళ్ళే ముందు చెయ్యి అలవాటు కొద్దీ గడియ వేసింది, గోల్‌బజార్ దాటి వెళ్ళి వాన నీళ్ళలో తిరిగి రావాలి, మోకాళ్ళ నొప్పులతో.

ఫోన్ చేసింది, వంటింట్లో మోగింది, అదీ సంగతి, అమ్మవారి పాట మోగి మోగి ఆగిపోయింది, ఫోన్ అంటే గోడకి ఛార్జింగ్‌లో వేలాడాల్సిన వస్తువని అమ్మ లెక్క, తలుపు సందులోంచి పులిహోర వాసన వస్తోంది, ఇంగువ, వేయించిన వేరుశనగ గుళ్ళు, బండిలో తినడానికి రెండు డబ్బాలు సర్దింది, రష్మితకి ఒకటి, తనకి ఒకటి, పులిహోర కట్టిన చేతులే గడియా వేశాయి, పొరపాటునే వేశాయా, ఏమో, కిరణ్మయి మంచం అంచున కూర్చుంది, కూర్చోగానే లోపల ఏదో కదిలి పైకి లేవడం మొదలుపెట్టింది, నిన్న రాత్రి అన్నం దగ్గర అమ్మ మోకాలు రాసుకుంటూ నా గురించి ఏటీ ఆలోసించకు తల్లీ అంది, ఆలోచించొద్దు అని చెప్పడంలోనే ఆలోచించమని ఉంటుంది కదా, మొదటిసారి కోస్టారికా మాట చెప్పినప్పుడు, అక్కడికి పాసు ఇత్తారేటే అని అడిగింది, రైల్వే వాళ్ళ ఇళ్ళల్లో ప్రయాణం అంటే పాసు, పాసు ఎంత దూరం పోతే లోకం అంత దూరం, అమ్మ లోకం ఇటు పలాస, అటు పూరీ, ఒకసారెప్పుడో రామేశ్వరం, పాసు లేని చోటికి ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళడమేంటని పైకి అనలేదు, అనకుండా మాతకి చీర మొక్కుకుంది, క్షేమంగా వెళ్ళి రావాలని మొక్కుకుందో, వెళ్ళకుండా ఉండాలని మొక్కుకుందో ఎవరికి తెలుసు, పోన్లే అమ్మా, నీ మొక్కు తీరింది, గడియ నీ చేత్తోనే పడింది, మనసారా కోపం తెచ్చుకుంది కిరణ్మయి, ఆ కోపంలో ఒక రకమైన హాయి కూడా ఉంది.

ఇంత పెద్ద జంక్షన్ ఊళ్ళో పుట్టి, పగలూ రాత్రీ నాలుగు దిక్కులకీ బండ్లు పోతుంటే వింటూ, తను మాత్రం ఎక్కడికీ పోలేదు, అందులో తమాషా ఏమిటంటే ఆఫీసులో తన పని పాసులు రాయడమే, ఎవరు ఎక్కడికి వెళుతున్నారో, కుటుంబంలో ఎంతమందో, దారిలో ఎక్కడ దిగి ఏ దేవుణ్ణి చూసుకుంటారో అన్నీ సరిచూసి ముద్ర వేసి ఇస్తుంది, కన్యాకుమారికి రాసింది, జమ్మూకి రాసింది, డిబ్రూగఢ్‌కి రాసింది, తనకి మాత్రం ఏడాదికోసారి పలాస, పెళ్ళికో పేరంటానికో, ఇదంతా నాన్న పోవడంతో మొదలైంది, నాన్న ఎర్రయ్య వర్క్‌షాప్‌లో ఫిట్టరు, గుండె ఆగి షాపులోనే కూలిపోయాడు, సర్వీసులో ఉండగా పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు, అమ్మకి చదువు లేదు, బుజ్జిబాబు బడి పిల్లాడు, మిగిలింది డిగ్రీలో బోటనీ చదువుతున్న తను, తల్లినీ తమ్ముణ్ణీ చూసుకుంటానని రాసి సంతకం పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది, పుస్తకాలు అటకెక్కాయి, మొక్కల పిచ్చి మాత్రం పోలేదు, ఖాళీ రంగు డబ్బాల్లో వరండా నిండా మొక్కలు, వాటికి పుస్తకాల్లో ఉండే పేర్లు, ప్రేమ్ బజార్‌లో గదులు తీసుకుని ఉండే తెలుగు పిల్లలకి అమ్మ క్యారేజీలు పంపుతుంది కదా, ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేసే రష్మిత ఒకరోజు క్యారేజీ కోసం తనే సైకిల్ మీద వచ్చి, ఆ డబ్బాల ముందు గొంతుక్కూర్చుని, ఇయన్నీ నీకెట్ల తెలుసక్కా, నువ్వు ఈడ ఏం జేస్తున్నవ్ అని అడిగింది, అడిగింది మామూలుగానే, కిరణ్మయికి మాత్రం కళ్ళు తిరిగినట్టయింది, ఆ పిల్లే స్పానిష్ అంది, అడవి అంది, ఇద్దరం పోదాం అంది, తను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది, నాన్న పోయాక నేనెక్కడికీ వెళ్ళలేకపోయాను, ఆ మాట అందరికీ చెప్పింది, స్పానిష్‌లో తను తప్పుల్లేకుండా చెప్పిన మొదటి పెద్ద వాక్యం కూడా అదే, ప్రొఫెసోరా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

బయట వీధిలో చేపలవాడు వచ్చాడు, మాఛ్, మాఛ్ నేబే గో, వెంటనే సుజాతమ్మత్త గొంతు, ఏయ్ దాదా, ఇలగ రా, ఈ రుయికి అంత దామ్ ఏటి, బాసీ చేప, కళ్ళు సూడు ఎలగున్నాయో, వాడు బెంగాలీలో ఒట్టు పెట్టాడు, ఆవిడ తెలుగులో తిట్టింది, ఇద్దరికీ చక్కగా అర్థమైంది, ఆవిడ వరండా ఈ గది కిటికీకి పక్కనే, నడుమ సన్న సందు, కిటికీలో నిలబడి చెయ్యి చాపితే ఆవిడ ఆరేసిన చీర అంచు తగులుతుంది, చేపల బేరంలో చేపకి ఎప్పుడూ గెలుపు లేదు అనుకుని కిరణ్మయి నవ్వుకుంది, నవ్వుకుంటూనే మంచం అంచు నుంచి ఇంకాస్త లోపలికి, గోడ వారకి జరిగింది, ఎందుకు జరిగిందో ఆ క్షణాన తెలియలేదు, చేతిలో ఫోన్ వణికింది, రష్మిత, అక్కా ఎక్కడున్నవ్, బండి రైట్ టైమే అంటున్నరు, నేను ప్లాట్‌ఫారం మీదనే ఉన్న, బిస్కట్లు గూడ కొన్న, జల్ది రా, ఆ పిల్ల వెనకాల ప్రకటనలు, జనం, ఒక బండి కూత, కిరణ్మయి నోరు తెరిచింది, తలుపు గడియ పడింది రా, ఎవరినైనా పంపు, అని రావాలి ఆ నోట్లోంచి, వచ్చింది మాత్రం, ఆఁ, బయల్దేరాను, టోటో ఎక్కాను, వచ్చేస్తున్నా, అంత తొణక్కుండా, బెణక్కుండా, సరే అక్కా అని ఆ పిల్ల పెట్టేసింది, కిరణ్మయి ఫోన్ మంచం మీద బోర్లా పెట్టింది, ఇప్పుడు మాట్లాడింది ఎవరు, మూసిన గదిలో మంచం మీద కూర్చుని టోటో రిక్షా ఎక్కానని చెప్పిన ఈవిడ ఎవరు.

అబద్ధం ఆడవలసిన అవసరం ఏమొచ్చింది, నిజం చెబితే ఏమయ్యేది, ఆ పిల్ల అయ్యో అక్కా అని ఏ సైకిలో పట్టుకుని రెక్కలు కట్టుకుని వచ్చేది, వచ్చి గడియ తీసేది, అంతే కదా, అంతే, వచ్చి తీసేది, కిరణ్మయి లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది, కిటికీ ముందుకి మాత్రం పోలేదు, ఎందుకో ఉన్నట్టుండి పాన్స్‌కుడా స్టేషన్ గుర్తొచ్చింది, కలకత్తాలో ప్రమోషన్ పరీక్షకి వెళుతున్న రోజు, పెద్ద క్లర్కు సత్యవేదం గారు పట్టుబట్టి దరఖాస్తు పెట్టించిన పరీక్ష, దారిలో ఎవరో పట్టాల మీద కూర్చుని బండి ఆపేశారు, తనతో వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ దిగి రోడ్డెక్కి బస్సు పట్టుకున్నారు, దీదీ రండి రండి అని పిలిచారు, తను రాలేదు, కాళ్ళు నొప్పి అంది, బెంచీ మీద కూర్చుని మరమరాల ఝాల్‌మురీ కొనుక్కుంది, పచ్చిమిరపకాయ కొరికి, ఆవనూనె ఘాటు ముక్కుకెక్కి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఎంత తేలిగ్గా అనిపించింది, పండగ సెలవు ఇచ్చినట్టు, ఇంటికొచ్చాక మాత్రం అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది, అమ్మ ఆ బండి ఆపినవాళ్ళ వంశాన్నంతా దుమ్మెత్తిపోసింది, మర్నాడు సత్యవేదం గారు ఫైలు చూసుకుంటూ తల ఎత్తకుండానే, బస్సెక్కినోళ్ళంతా రాసీసినారంట కదమ్మా అన్నారు, ఆ పెద్దమనిషే ఈసారి విదేశం సెలవు మంజూరు కోసం తనే మెట్లెక్కి దిగి తిరిగారు, నాను రిటైరయ్యేలోపు నువ్వు ఈ ఆఫీసు గోడ దాటడం ఒక్కమారు సూడాలమ్మా అన్నారు, సెలవు వచ్చింది, డబ్బుకి లోటు లేదు, బుజ్జిబాబుకి ఉద్యోగం, పెళ్ళి, అమ్మని నా దగ్గరకి పంపీయక్కా అని వాడి గొడవ, అడ్డుపడేది ఏదీ మిగలకుండా అందరూ కలిసి దారి ఊడ్చి పెట్టారు, అందుకే కాబోలు కొన్నాళ్ళుగా తనకి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు.

సరే, పాన్స్‌కుడా అంటే నాన్న పోయాక జరిగింది, అప్పటికి బరువులు మీద ఉన్నాయి, మనిషి అలిసిపోయి ఉంటుంది, అని సర్దుకోబోయింది, సర్దుకోబోతుంటే సిమ్లీపాల్ వచ్చి ఎదురుగా నిలబడింది, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సిమ్లీపాల్, కాలేజీ బోటనీ వాళ్ళని ఒడిశాలో ఆ అడవికి తీసుకెళ్ళిన ప్రయాణం, అప్పుడు నాన్న ఉన్నాడు, బతికే ఉన్నాడు, ఉద్యోగం లేదు, సంతకం లేదు, ఏ బరువూ లేదు, నాన్న చీకటితో లేచి సైకిల్ తుడిచాడు, డ్యూటీ టార్చి తన బ్యాగులో పెట్టాడు, అడవిలో పాములుంటాయమ్మా, అడుగు సూసి ఎయ్యి, బయపడకు అన్నాడు, వెనక కూర్చోబెట్టుకుని కాలేజీ గేటు దాకా తొక్కాడు, బస్సు నిలబడి ఉంది, ఆడపిల్లలు కిటికీల్లోంచి చేతులూపుతున్నారు, కిరణ్మయి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టింది, పెట్టి, నాన్నా కడుపులో నొప్పి అంది, నొప్పి లేదు, ఏ నొప్పీ లేదు, మెట్టు పైన ఉన్నదంతా తెలియనిది, కింద నాన్న ఉన్నాడు, అంతే, నాన్న నుదురు పట్టి చూశాడు, పోన్లేమ్మా అడవెక్కడికి పోద్ది, మరోపాలి ఎల్దువు అన్నాడు, తిరిగొచ్చేటప్పుడు ఆయన వీపుకి చెంప ఆనించి కూర్చుంది, నూనె మరకల ఖాకీ చొక్కా, ఇంజన్ గ్రీజు వాసన, ప్రపంచంలో తనంత సుఖంగా ఎవరూ లేరనిపించింది, ఆ తర్వాత నాన్న పోయాడు, పోగానే, తప్పు, ఎంత తప్పు ఆలోచన, అయినా వచ్చింది కదా, పోగానే తనకి ఒక సాకు దొరికింది, ఇక ఎవరూ ఎప్పుడూ కాదనలేని సాకు, చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకుంటే ఎవరు ఏం మాట్లాడతారు, పాపం పిల్ల, ఇంటి కోసం తన బతుకు ధారపోసింది అన్నారు, ఆ మాట కప్పుకుని ఇంతకాలం వెచ్చగా పడుకుంది, నాన్నా, నువ్వు ఒక్కనాడైనా వద్దన్నావా నన్ను, టార్చి కూడా ఇచ్చావు కదా.

గాలాడటం లేదు, ఈ గది ఎప్పుడూ ఇంతే, తెల్లదొరల కాలం గోడలు, మూరెడు మందం, తలుపు వానకి ఉబ్బి చెమ్మ వాసన వేస్తోంది, ఫోన్‌లో వేళ చూడాలంటే భయం, చూడకపోయినా భయమే, ఇప్పుడు బయల్దేరినా బండి అందుతుంది, ఇంకాసేపు పోతే అందదు, ఆ ఇంకాసేపు ఎంతసేపో తన ఎముకలకి తెలుసు, రైల్వే పిల్ల కదా, ఇంతకీ ఆ అడవిలో ఏముందని అంత భయం, పాములా, ప్రొఫెసోరా ఒకరోజు అందరినీ అడిగింది, ఇక్కడికి వచ్చి ఏం చూడాలనుకుంటున్నారు అని, ఒకరు తాబేళ్ళన్నారు, ఒకరు చెట్టుకి తలకిందులుగా వేలాడే ఆ బద్ధకపు జంతువు పేరు చెప్పారు, రష్మిత కప్పలు అంది, తన వంతు వచ్చింది, అందరూ చూసేవే నేనూ చూస్తాను అంది, అది కాదు కిరణ్మయీ, నీకు ఏం చూడాలని ఉంది, నీకు, అని ఆవిడ ఆ చివరి మాట మీద వేలు పెట్టి నొక్కినట్టు అడిగింది, మా అమ్మకి సముద్రం ఇష్టం అని చెప్పి గట్టెక్కింది, అక్కడ అమ్మ ఉండదు, ఎర్రయ్య గారి అమ్మాయి అని ఎవరూ అనరు, పాసుల సెక్షను కిరణ్మయి దీదీ అనరు, పొద్దున్నే లేచి నాకు ఇది కావాలి, ఇది వద్దు, నాకు ఆకలేస్తోంది, నేను తప్పిపోయాను అని తన నోటితో తనే చెప్పుకోవాలి, అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది, వెళ్ళొచ్చేశాక ఇక ఏమని చెప్పుకోవాలి, నేనెక్కడికీ వెళ్ళలేకపోయాను అనే మాట పోతే తన దగ్గర ఏం మిగులుతుంది, చేపలవాడు వెళ్ళిపోయాడు, సుజాతమ్మత్త వరండాలో కత్తిపీట వేసుకుని చేప పొలుసు గీరుతోంది, గర్ గర్ గర్, ఆ చప్పుడు ఇంత బాగా వినిపిస్తోందంటే తను పిలిస్తే ఆవిడకి వినిపించదా, ఒక్క కేక, అత్తా అని ఒక్క కేక వేస్తే చాలు, తాళం లేని వీధి తలుపు తోసుకుని ఆవిడ వస్తే ఈ తలుపు తెరుచుకుంటుందని ఇంతసేపూ తెలుసు, అమ్మ ఫోన్ వంటింట్లో మోగినప్పుడే తెలుసు, గోడ వారకి జరిగినప్పుడూ తెలుసు, అందుకే జరిగింది.

వీధి మొగలో టోటో హారన్, దాని వెనకే అమ్మ గొంతు, పరుగు మీద, ఆయాసం మీద, ఓలమ్మో గడియ, గడియ తియ్యడం మరిసిపోనాను, నా సేతులిరిగిపోను, దాదా ఎక్టు దాఁడావ్, టేసన్‌కి ఎల్లాల మా పిల్ల, కూసింత ఆగు నాయనా, ఒరే ఎవులన్నా తలుపు తియ్యండ్రా, ఆ మోకాళ్ళతో బురదలో పరిగెత్తుకొస్తోంది, టోటో కూడా తెచ్చింది, బండి అందుతుంది, తప్పకుండా అందుతుంది, ఆ గొంతు చెవిన పడగానే కిరణ్మయి గుండెలోంచి ఒక మాట దానంతటదే జారింది, అయ్యో, అప్పుడే వచ్చేసిందే, అది విని తనే కొయ్యబారిపోయింది, ఎవరైనా గడియ తీస్తున్నారంటే లోపలున్నవాళ్ళు అయ్యో అనుకుంటారా, అనుకుంది, తనే అనుకుంది, ఇందాకటి కోపం, మొక్కులు, పాసులు, అమ్మ మీద కట్టిన ఆ పెద్ద కేసు అంతా నీళ్ళు కారిపోయింది, అమ్మ ఎప్పుడు ఆపింది తనని, గుడికి పోయింది పూజ కోసం, వండింది ప్రయాణం కోసం, ఆపింది అమ్మ కాదు, నాన్న చావు కాదు, రైల్వే కాదు, భయం, బస్సు మెట్టు మీద కాలు పెట్టిన నాటి భయం, దానికి ఇన్నేళ్ళూ అమ్మ పేరు పెట్టి పిలిచింది, అంతే, అది ఇప్పుడూ ఉంది, తగ్గలేదు, తగ్గాక వెళదామంటే ఈ జన్మకి కుదరదు, అడుగులు దగ్గరవుతున్నాయి, గేటు కిర్రుమంది, అమ్మ వచ్చి తలుపు తీసి, చేతిలో బ్యాగు పెట్టి, టోటో ఎక్కిస్తే, అది కూడా అమ్మ పంపితే వెళ్ళినట్టే అవుతుంది, రేపు ఏదైనా తేడా వస్తే అమ్మ పంపింది అని చెప్పుకోవచ్చు, వద్దు, ఆ ఒక్కటీ వద్దు, ఈసారి తనే అడగాలి, అమ్మ చెయ్యి గడియ మీద పడే లోపలే అడగాలి, కిరణ్మయి ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు చేతులా ఊచలు పట్టుకుని, గొంతు పగిలిపోతుందేమో అన్నంతగా, అత్తా, ఓ సుజాతమ్మత్తా, బేగొచ్చి గడియ తియ్యి, నానెల్లాల, నాకు ఎల్లాలనుంది, అని వీధంతా వినబడేలా అరిచింది.